బొమ్మలు అడ్డురాని డాక్యుమెంటరీ

చిత్రకారుడు దామెర్ల రామారావుగారి మీద డాక్యుమెంటరీ తీస్తున్నామని, నాకు చరిత్ర తెలుసునన్న అనుమానంతో సలహా కోసం పిలిచిన మిత్రబృందాన్ని మొదట అభినందించాలి. 50 నిమిషాల స్క్రిప్టులో తొలి 4 నిమిషాలూ డ్రోన్ గోదావరి మీద ఎగురుతుంది, లేత ఎండలో ఆర్చి వంతెన మీదుగా రైలు సాగిపోతుంది. రామారావుగారు రాజమండ్రిలో పుట్టింది 1897లో, ఆ వంతెన పూర్తయింది 1997లో. నడుమనున్న నూరేళ్ళనూ వేణునాదంతో కప్పేస్తామని దర్శకులు హామీ ఇచ్చారు గనుక నేను మరి మాట్లాడలేదు.

అసలు చిక్కల్లా ఈ కథలో విలన్ లేకపోవడం. కాలేజీ ప్రిన్సిపాలు కూల్డ్రే దొరగారు ఆంగ్లేయుడై ఉండి కూడా కుర్రవాడి చేతిలోని విద్యను గుర్తించి, బొంబాయిలో చిత్రకళ నేర్పే జె.జె. స్కూలుకు దారి చూపాడు. దొర మంచివాడైతే ప్రేక్షకుడికి రక్తం ఉడకదు కాబట్టి ఆయన చేతికి ఒక కొరడా ఇచ్చారు. భార్య సత్యవాణిగారు కూడా చిత్రకారిణేనని మనవి చేస్తే, ఒక ఇంట్లో ఇద్దరు కళాకారులుంటే కథ చెదిరిపోతుందని, ఆవిడ దీపం పట్టుకుని గుమ్మంలో నిలబడితే చాలునని తేల్చారు. 1925లో, 27 ఏళ్ళకే ఆయనను పొట్టన పెట్టుకున్న మశూచికి కూడా స్క్రిప్టులో చోటు దొరకలేదు. పొక్కులు హీరో ముఖానికి నప్పవట. క్షయ అయితే తెల్లని చేతిరుమాలు మీద ఒక్క ఎర్ర చుక్కతో పని జరిగిపోతుంది.

ఇక బొమ్మల సంగతి. రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న చిత్రశాలకు వెళ్ళారు గాని, పటాల అద్దాలలో లైట్లూ, కెమెరామన్ పొట్టా తప్ప మరేమీ కనబడలేదని విచారంగా తిరిగివచ్చారు. లైటు ఆర్పి పొట్టను పక్కకు జరపవచ్చునని నాకు తోచింది గాని, సాంకేతిక విషయాలలో వేలు పెట్టడం మర్యాద కాదు. చివరికి పుస్తకంలోని అచ్చు బొమ్మలనే ఫోటోలు తీసి, ఆఖరి 40 సెకన్లలో పేర్లు పైకి పాకుతుండగా వాటి వెనుక మసకగా చూపుదామని నిర్ణయమైంది. ఆ లెక్కన ‘పుష్పాలంకారం’ మీదుగా భోజన ఏర్పాట్లవారి పేరు వెళుతుంది. ‘సిద్ధార్థ రాగోదయం’ వచ్చేసరికి, సరిగ్గా రాకుమారుడి ముఖాన్ని కప్పుతూ, చారిత్రక సలహాదారుగా నా పేరు పడుతుంది.

అక్షరాలు కాస్త పెద్దవిగా వేయమని కోరాను.