ముందు స్తంభం, తర్వాతే నటులు

శ్రీహరి ఎక్కడ వెతికినా ఉంటాడు. ఉచితంగా వేషం కట్టే నటుడి సంగతి అలా కాదు. రిహార్సల్లో వెతికితే బావమరిది పెళ్లికి వెళ్లాడంటారు. పెళ్లిలో వెతికితే రిహార్సల్ ఉందని ఇప్పుడే లేచాడంటారు. కనుక నరసింహ జయంతికి గుడి ముందు ప్రహ్లాద నాటకం ఆడించబూనిన దర్శకుడు మొదట స్తంభం కట్టుకోవాలి. మొత్తం బృందంలో చెప్పిన చోట నిలబడేది అదొక్కటే.

ఎత్తు 7 అడుగులు. వెదురుబద్దల చట్రం రెండు చెక్కలుగా చేసి, పాత చీర చుట్టి, మైదా జిగురుతో నాలుగు పొరల కాగితం అంటించాలి. బాగా ఎండనివ్వాలి, పచ్చిమీద నిలబెడితే మొదటి పద్యానికే నడుం వంచుతుంది. వెనక, నోటి ఎత్తున, రెండు వేళ్ల సందు వదలండి. హిరణ్యకశిపుడికి మైకు దొరికితే రాగం లాగుతాడు, ఆలోపు దేవుడికి ఊపిరాడాలి. రెండు చెక్కలనూ కలిపి ఉంచే గడియ బయట పెట్టొద్దు. దాన్ని తీయాల్సిన కుర్రాడు సరిగ్గా గద దెబ్బ వేళకే టీకి వెళతాడు. పంచాంగంలో రాయరు గానీ, తప్పదు. లోపల పురికొసతో జారుముడి వేస్తే నరసింహుడే లాక్కుంటాడు.

తంజావూరు ప్రాంతపు మేలట్టూరులో నరసింహ జయంతికి తెలుగులోనే ప్రహ్లాద నాటకం ఆడతారు. అక్కడ నరసింహ వేషధారి ఉపవాసం ఉంటాడు. ఆవేశం వస్తే పట్టుకుని ఆపుతారు. మనవాడు మూడు దొన్నెల పులిహోర తిని స్తంభంలోకి వెళతాడు. ఆయన్నీ పట్టుకోవాలి, నిద్రలేపడానికి.

వేషాలు పంచేటప్పుడు కంఠంతో పాటు బరువూ చూడండి. ఎక్కువ చందా ఇచ్చినవాడే హిరణ్యకశిపుడు కావడం ఆనవాయితీ, అలాంటివాడు 90 కిలోలకు తగ్గడం అరుదు. నరసింహుడి తొడల పక్కన అదే ఎత్తు పీట వేసి గుడ్డ కప్పండి. బరువు పీట మోస్తుంది, పేరు దేవుడికి వస్తుంది. పేగులకు 2 మీటర్ల ఎర్రగుడ్డ పేలికలు నడుంపట్టీలో దోపాలి. రక్తానికి పసుపూ సున్నం కలిపిన నీళ్లు చాలు. అద్దె డ్రెస్సు మీద పడనివ్వకండి, పడితే అసలు సంహారం మర్నాడు.

ప్రహ్లాదులు ఇద్దరుండాలి. ఒకడికి జ్వరమో పరీక్షో రాకమానదు. ఇద్దరూ వస్తే రెండోవాణ్ణి చండామార్కుల బడిలో కూర్చోబెట్టాలి. ఆ సంగతి వాళ్లమ్మకు దర్శకుడే చెప్పాలి. దృఢసంకల్పం నిజంగా కావలసింది అక్కడ.

ఇక హార్మోనిస్టు గారు. అందరి పద్యాలూ ఆయనకు వచ్చు. ఎవరు మింగేసినా ఆయన అందుకుంటారు. సగం అడ్వాన్సు ఇచ్చి, మిగతాది మంగళం పాడాకే ఇవ్వండి. డబ్బు తీసుకునేది ఆయనొక్కరే, వేళకు వచ్చేదీ ఆయనొక్కరే.