ఇంగ్లీష్ రాని అప్పన్నకి లాస్ శాంటోస్‌లో చోటుండదా?

పోయిన నెల జీటీఏ ఆట తాలూకు ఒక ఆర్పీ సర్వర్ ఇంటర్వ్యూలో నన్ను ఫెయిల్ చేశారు. ఆర్పీ అంటే రోల్‌ప్లే, ఒక పాత్రలా మాట్లాడుతూ, బతుకుతూ ఆడటం. ఎందుకయ్యా అంటే "కమ్యూనికేషన్ ఇంప్రూవ్ చేసుకుని మళ్ళీ రండి" అని ఒక్క ముక్క రాశారు. ఆ సర్వర్ పేరు కిందే తెలుగు, ఇంగ్లీష్ అని రెండూ రాసుంటాయి. అది చూసే వెళ్లాను. ఇప్పుడు లోపలే ఉన్నాను, రెండోసారి పాసయ్యాను, అక్కడ నాకు మంచి స్నేహితులు కూడా ఉన్నారు. అయినా ఇది చెప్పకుండా ఉండలేకపోతున్నాను. నాలాంటి వాళ్ళు చాలామంది మొదటి దెబ్బకే తిరిగి వెళ్లిపోతున్నారు, వాళ్ళు మళ్ళీ రారు.

ఈ ఆట తెలియని వాళ్ళ కోసం కాస్త చెప్తాను. 2015లో పీసీకి వచ్చిన జీటీఏ 5 ఉంది కదా, దాని మీద ఫైవ్‌ఎమ్ అనే ప్లాట్‌ఫామ్ పెట్టుకుని ఎవరికి వాళ్ళు సొంత సర్వర్లు నడుపుకుంటారు. ఆ ఫైవ్‌ఎమ్‌ని చేసిన టీమ్‌ని 2023 ఆగస్టులో జీటీఏ తయారుచేసే రాక్‌స్టార్ వాళ్ళే తమలో కలుపుకున్నారు. ఆర్పీ సర్వర్‌లో మామూలు జీటీఏ లాగా కనబడ్డవాణ్ణల్లా కాల్చుకుంటూ పోవడం ఉండదు. లాస్ శాంటోస్ అనే ఊళ్ళో నువ్వొక మనిషివి. పోలీసు, డాక్టరు, మెకానిక్, దొంగ, టాక్సీ డ్రైవరు, ఎవరైనా కావొచ్చు. మైకులో మాట్లాడితే చుట్టుపక్కల ఉన్నవాళ్ళకే వినిపిస్తుంది, దూరం వెళ్తే వినిపించదు. కథ ముందుగా ఎవరూ రాయరు, నలుగురూ మాట్లాడుకుంటుంటే అదే పుడుతుంది. అంటే ఈ ఆటకి ముడిసరుకు తుపాకీ కాదు, కారు కాదు, మాట.

నాది ఉద్దానం. పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. తమ్ముడు ఉద్యోగానికి బెంగళూరు వెళ్తూ వాడి పీసీ నాకిచ్చి వెళ్లాడు. ఏడాదిగా యూట్యూబ్‌లో ఆర్పీ వీడియోలు చూసీ చూసీ, మైకు కొని, ఒక పాత్రని మనసులో పెట్టుకున్నాను. పేరు అప్పన్న. మావైపు నుంచి వలస వెళ్లిన లారీ డ్రైవరు. మా ఊళ్ళల్లో ఇంటికొకరు హైదరాబాదో, చెన్నయ్యో, అండమానో పోయి బతుకుతున్నవాళ్ళే. అలాంటి మనిషి ఇంకాస్త దూరం పోయి లాస్ శాంటోస్‌లో దిగితే ఎలా ఉంటుంది అన్నదే నా ఆలోచన. అతనికి ఇంగ్లీష్ రాదు. రాకపోవడమే అతని కథ.

ఫారం అంతా ఇంగ్లీష్‌లో ఉంది. పాత్ర వెనుక కథ ఇంగ్లీష్‌లో రాయమన్నారు, కిందా మీదా పడి రాశాను. రూల్స్ ఇంగ్లీష్‌లోనే, అవీ చదివాను. అర్థం కాలేదని ఎవరూ అనుకోవద్దు, శుభ్రంగా అర్థమయ్యాయి. మెటాగేమింగ్ అంటే బయట స్ట్రీమ్‌లో చూసిన సంగతి పాత్రకి తెలిసినట్టు వాడుకోవడం. పవర్‌గేమింగ్ అంటే ఎదుటివాడికి సందు ఇవ్వకుండా అన్నీ నువ్వే జరిపించేయడం. ఆర్‌డీఎమ్ అంటే కారణం లేకుండా కాల్చడం. ఫియర్ ఆర్పీ అంటే తల మీద తుపాకీ పెడితే నిజంగా భయపడాలి, హీరోలాగా ఎగరకూడదు.

ఇంటర్వ్యూ డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో వాయిస్ మీద జరిగింది. సిగ్నల్ దగ్గర లారీ ఆపావు, ముగ్గురు తుపాకులతో చుట్టుముట్టారు, ఏం చేస్తావు అని ఇంగ్లీష్‌లో అడిగారు. నేను "ఐ విల్ గివ్ ద ట్రక్" అన్నాను. వివరంగా చెప్పు అన్నారు. నోరు పెగల్లేదు. ఇంకో రెండు ముక్కలేవో అన్నాను. తెలుగులో చెప్పొచ్చా అని అడిగితే "ఇంటర్వ్యూ ఇంగ్లీష్‌లోనే, అది ప్రాసెస్" అన్నారు. అన్నది తెలుగులోనే! నాకు ఒళ్ళు మండింది.

అదే ప్రశ్న అప్పన్నని తెలుగులో అడిగుంటే ఏమనేవాడో ఆ రాత్రి పడుకునేముందు నా నోటికి దానంతటదే వచ్చింది. "బాబూ, బండి అట్టుకెల్లిపోండి, నన్నేటీ సెయ్యకండి, ఇంటికాడ ముసలమ్మ ఒకర్తీ ఉంది, ఆ తాళంసెవికున్న దేవుడి బిళ్ళ ఒక్కటీ ఇచ్చీండి." ఇందులో భయం ఉంది, ఇల్లుంది, ఎదుటివాడు ఆడుకోవడానికి ఒక దారి కూడా ఉంది. ఆ బిళ్ళ ఇస్తాడా, నవ్వి విసిరేస్తాడా, ఆ దొంగ పాత్ర ఎలాంటిదో అక్కడ తేలిపోతుంది. ఆర్పీ అంటే ఇదే కదా. దీన్ని వినకుండానే నాకు కమ్యూనికేషన్ లేదన్నారు.

అడ్మిన్లు చెప్పే కారణం నాకు తెలుసు. సర్వర్‌లో తమిళం వాళ్ళున్నారు, కన్నడం వాళ్ళున్నారు, అమెరికాలో పెరిగిన మన పిల్లలున్నారు, అందరికీ కలిసొచ్చేది ఇంగ్లీషే అంటారు. ఒప్పుకుంటాను. ఊళ్ళోకి వెళ్లాక ఎదురుపడ్డ మనిషిని బట్టి సర్దుకోవాలి, సర్దుకుంటాను కూడా. కానీ గుమ్మం దగ్గర నన్ను పరీక్షించాల్సింది నేను నియమాలు పాటిస్తానా, ఎదుటివాడికి ఆట ఇస్తానా అని. నా ఇంగ్లీష్ ఎంత అని కాదు. రెండో ఇంటర్వ్యూలో ఇంకొకాయన ఉన్నారు, మొదటి నిమిషంలోనే "నీకు ఏది సులువైతే అందులో చెప్పు తమ్ముడూ" అన్నారు. పదిహేను నిమిషాల్లో అయిపోయింది. సర్వర్ అదే, రూల్స్ అవే. ఇంటర్వ్యూకి ఎవరు దొరుకుతారన్న దాన్ని బట్టి కొత్తవాడి అదృష్టం మారిపోవడం నాకు నచ్చలేదు.

లోపలికి వెళ్లాక మొదటి రోజు సంగతి చెప్పాలి. ఆటలో ఉంటూ ఆట బటన్ల గురించి మాట్లాడకూడదు కాబట్టి ఆర్పీ వాళ్ళకి ఒక గుప్తభాష ఉంది. ఆట మధ్యలో ఆగిపోతే తలనొప్పి వచ్చిందంటారు. లాగౌట్ అవ్వాలంటే నిద్రొస్తోందంటారు. వస్తువు మీద గురిపెట్టి ఎంచుకునే బటన్‌ని థర్డ్ ఐ అంటారు. లారీ తలుపు తెరుచుకోక నిలబడి ఉంటే ఒకతను ఇంగ్లీష్‌లో నాలుగుసార్లు థర్డ్ ఐ, థర్డ్ ఐ అని వెళ్లిపోయాడు. ఆ తర్వాత మెకానిక్ డ్రస్సులో ఒకమ్మాయి వచ్చి "ఊరికి కొత్తా అన్నా? మూడో కన్ను తెరువు, ఎడమ చేతి బొటనవేలి దగ్గరే ఉంటుంది" అంది. చూసుకుంటే నా బొటనవేలు ఆల్ట్ కీ పక్కనే ఉంది. నొక్కాను, తలుపు తెరుచుకుంది. ఆటలోంచి ఒక్క అడుగు బయటికి రాకుండా, నన్ను చిన్నబుచ్చకుండా నేర్పింది. మూడో కన్ను అనగానే మనకి ఎవరు గుర్తొస్తారో వేరే చెప్పాలా? తెలుగులోకి వచ్చేసరికి ఆ మాటకి ప్రాణం వచ్చింది.

ఇంకోటి. సర్వర్ రీస్టార్ట్ అయ్యేముందు సునామీ వస్తోంది, ఇళ్ళకి పొండి అంటారు. ప్రపంచమంతా ఆర్పీలో ఉన్న మాటే, ఎవరినీ తప్పుపట్టను. కానీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నేను ఇంట్లో ఉన్నాను. మా కొబ్బరి, మా జీడి ఒక్క రాత్రిలో నేలకొరిగాయి. అందుకని మొదటిసారి హెడ్‌ఫోన్స్‌లో ఆ మాట వినగానే గుండె ఝల్లుమంది. దాన్నే అప్పన్నకి ఇచ్చాను. అతను ఆ మాట వినగానే అందరికంటే ముందు లారీని గోడ చాటుకి పెట్టి తాడు కడతాడు. ఇప్పుడు మా వీధిలో ఇంకో ఇద్దరు కూడా కడుతున్నారు.

ఇక యాస. ఇది చెప్పాలనే మొదలుపెట్టాను నిజానికి. నేను నోరు తెరవగానే చాలామంది నవ్వుతారు. "ఏటి" అని సాగదీసి నాకే తిరిగి అంటారు. "బ్రో, కామెడీ క్యారెక్టరా, ఇంకోసారి మాట్లాడు" అంటారు. మా ఫ్యాక్టరీలో మా ఓనరు మాట్లాడేది అదే, మా డాక్టరు మాట్లాడేది అదే, మా అమ్మ నాన్నని సాగనంపిన రోజు ఏడ్చింది అదే మాటలో. సినిమాల్లో ఏళ్ల తరబడి ఒక యాసకి కమెడియన్ని, ఒక యాసకి రౌడీని అంటగట్టారు, దాన్నే మనం మైకుల్లోకి మోసుకొచ్చాం. సీమ నుంచి వచ్చిన ఒకబ్బాయి పూలకొట్టు పెట్టుకుంటే ఫ్యాక్షన్ గ్యాంగులోకి రమ్మని రోజూ పిలుస్తున్నారంట. కరీంనగర్ అతనొకడు లాయరు పాత్ర వేసుకుని, కోర్టులో తన మాట తను మాట్లాడకుండా పుస్తకంలో ఉండే తెలుగు మాట్లాడుతున్నాడు. ఎందుకు బావా అంటే "మన యాసల మాట్లాడితే లాయర్ లెక్క కనిపిస్తలేనంట" అన్నాడు. నాకు చాలా బాధనిపించింది.

దీనికి తోడు మర్యాద సంగతి. మా సర్వర్‌లో ఒక పోలీసు పాత్ర ఉంది, ఆడేవాడు బాగా ఆడతాడు. ఇంగ్లీష్ మాట్లాడేవాడి కారు ఆపితే "సర్, ప్లీజ్ స్టెప్ అవుట్" అంటాడు. నా లారీ ఆపితే "రేయ్, దిగరా కిందికి." అదే మనిషి, అదే యూనిఫాం, రెండు నిమిషాల తేడా. బయట రోడ్ల మీద జరిగేదే కదా అంటారు. కావాలని ఆ పాత్రని అలా మలుచుకుంటే నేను చేతులెత్తి మొక్కుతాను, అది గొప్ప పాత్ర. కానీ అతన్ని అడిగితే అసలు గమనించనే లేదన్నాడు. ఇంగ్లీష్‌లో ఒకే యూ ఉంటుంది. మనకి మీరు ఉంది, నువ్వు ఉంది, ఏంట్రా ఉంది, అండీ ఉంది, బాబూ ఉంది. ఒక దొంగ నువ్వు నుంచి మీరులోకి మారాడంటే వాడు లొంగిపోయినట్టే, వేరే డైలాగు అక్కర్లేదు. ఇంత ఆస్తి చేతిలో పెట్టుకుని అలవాటుగా రేయ్ అనేస్తున్నాం.

తిట్లు కూడా అంతే. ఇంగ్లీష్ తిట్టు పాత్రకి తగిలి ఆగిపోతుంది. తెలుగులో అమ్మని కలిపి తిడితే అది పాత్రని దాటి కుర్చీలో కూర్చున్న మనిషికి తగులుతుంది. ఆట గొడవలు బయట గొడవలుగా మారిన ప్రతిసారీ నేను చూసినంతవరకు మొదలైంది అక్కడే. రూల్స్‌లో బూతులు మితంగా అని ఇంగ్లీష్‌లో ఒక లైన్ ఉంది. ఇంగ్లీష్ బూతుకి సరిపోయే లైనది, మన తిట్టుకి సరిపోదు.

తెలుగు వాళ్ళం మాత్రం శుద్ధంగా ఉన్నామని చెప్పడం లేదు. ఆసుపత్రిలో ఒక తమిళం అతను దెబ్బలతో పడుంటే ముగ్గురు డాక్టర్లు, చుట్టూ ఇంకో నలుగురు, మొత్తం తెలుగులో జోకులేసుకుంటూ ఉండిపోయారు. అతను పది నిమిషాలు స్ట్రెచర్ మీద అలాగే ఉండి వెళ్లిపోయాడు, మళ్ళీ కనబడలేదు. ఆ నలుగురిలో నేనూ ఉన్నాను. అది తప్పే.

రెండు భాషలూ కలిసి నడిస్తే ఎలా ఉంటుందో నేను ఒక్కసారి చూశాను, అందుకే ఇంత పట్టుదల. డాలస్‌లో పుట్టి పెరిగిన ఒకబ్బాయి. తెలుగు అంతా అర్థమవుతుంది, మాట్లాడితే తడబడతాడు, ఎన్నారై తెలుగు అని అందరూ ఏడిపిస్తే మానేశాడు. మాకు రాత్రి పదిన్నర అంటే వాడికి మధ్యాహ్నం పన్నెండు, భోజనం టైములో ఆడతాడు. లారీ ఇంజను పాడై వాడి షెడ్డుకి వెళ్లాను. వాడు ఇంగ్లీష్‌లో అడుగుతాడు, నేను నా యాసలో చెప్తాను, ఇద్దరం ఎవరి భాష వదల్లేదు. నలభై నిమిషాలు. మధ్యలో వాడు స్లాష్ మీ కొట్టి, అంటే పాత్ర ఏం చేస్తోందో టైపు చేసి చూపించే కమాండ్, చెయ్యి తుడుచుకుని టీ ఇస్తున్నట్టు రాశాడు. నేను గ్లాసు రెండు చేతులతో అందుకున్నట్టు రాశాను. చివర్లో డబ్బులివ్వబోతే వాడు ఇంగ్లీష్ ఆపేసి, ఆగి ఆగి, "వద్దు... మామయ్యా... నెక్స్ట్ టైమ్" అన్నాడు. మామయ్య అని వాణ్ణెవరూ అనమనలేదు. ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

నేను అడిగేవి పెద్దవేం కావు. ఇంటర్వ్యూ ఏ భాషలో కావాలో కొత్తవాణ్ణి అడగండి. రూల్స్ తెలుగులో కూడా పెట్టండి. ఆర్పీ సర్వర్లు కట్టుకునే ఫ్రేమ్‌వర్క్ ఈఎస్ఎక్స్ అయినా, క్యూబీకోర్ అయినా మెనూల్లో కనబడే మాటలు లొకేల్ ఫైళ్లలో విడిగా ఉంటాయి, ఒక్కో భాషకి ఒక్కో ఫైలు. ఫ్రెంచ్ వాళ్ళు చేసుకున్నారు, జర్మన్లు చేసుకున్నారు, బ్రెజిల్ వాళ్ళు పోర్చుగీసులో ఊళ్ళకి ఊళ్ళే నడుపుతున్నారు. మనకి కోడింగ్ వచ్చినవాళ్ళు తక్కువా? పక్కన తెలుగు రానివాడుంటే అందరం వాడికి అర్థమయ్యేట్టు మాట్లాడదాం, ఆ నియమం మాక్కూడా పెట్టండి. యాసని చూసి నవ్వినవాడికి, ఆర్‌డీఎమ్ చేసినవాడికి ఇచ్చినట్టే, వార్నింగ్ ఇవ్వండి.

ఎవరో చేస్తారని కూర్చోలేదు, రూల్స్ అనువాదం నేనే మొదలుపెట్టాను, ఫ్యాక్టరీ నుంచి వచ్చాక రోజుకి గంట. ఫియర్ ఆర్పీకి ప్రాణభయం అని పెట్టాను, చదివినవాళ్ళెవరూ అర్థం అడగలేదు. న్యూ లైఫ్ రూల్‌కి "చచ్చి లేచాక పాతది గుర్తుండదు" అని పెట్టాను. కాంబాట్ లాగింగ్ దగ్గర ఆగిపోయాను. గొడవ మధ్యలో, దెబ్బ పడేముందు, గేమ్ మూసేసి వెళ్లిపోవడం అన్నమాట. ఒక్క మాటలో రావట్లేదు. చిన్నప్పుడు అవుటయ్యాక బ్యాట్ పట్టుకుని ఇంటికెళ్లిపోయేవాణ్ణి మీ ఊళ్ళో ఏమనేవాళ్ళో కామెంట్లో రాయండి, ఏ యాసలోనైనా సరే.