ఉమ్మడి సొత్తుకు లెక్క ఎవరు పెట్టాలి?

నీటి బిల్లును ఫ్లాట్లన్నిటికీ సమానంగా పంచే అపార్ట్‌మెంట్‌లో ఉండి చూసినవాళ్లకు ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. ఇరవై ఫ్లాట్లున్నాయనుకోండి. నేను కారే కుళాయి బాగు చేయించి ఇరవై బకెట్లు మిగిలిస్తే నా బిల్లులో తగ్గేది ఒక్క బకెట్ ఖర్చు, మిగతా పంతొమ్మిదీ పక్కవాళ్లకు కలిసొస్తాయి, ప్లంబర్ కూలీ మాత్రం మొత్తం నాదే. అందుకే ఆ కుళాయి నెలల తరబడి కారుతూనే ఉంటుంది, మీటింగ్ పెట్టినప్పుడల్లా "నీళ్లు వృథా చేస్తున్నారండీ" అని అందరూ అందరినీ అంటారు. తిలా పాపం తలా పిడికెడు. ఇందులో దుర్మార్గులెవరూ లేరు. లెక్కే అలా ఉంది.

1968లో గారెట్ హార్డిన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 'సైన్స్' పత్రికలో ఈ లెక్కనే పచ్చిక బయలు మీద వేసి చూపించాడు. ఒక ఆవును అదనంగా తోలితే వచ్చే లాభం తోలినవాడిది, గడ్డి తరిగే నష్టం అందరిదీ, కాబట్టి ఎవరికి వారు ఇంకొకటి తోలుకుంటూ పోతారు. మనస్సాక్షికి విజ్ఞప్తి చేసి లాభం లేదన్నాడు, అక్కడ నేను ఆయన పక్షమే: చెప్తే వినేవాడు నష్టపోతాడు, విననివాడు బాగుపడతాడు. కానీ ఉమ్మడివన్నీ ప్రభుత్వం గుప్పెట్లోకైనా వెళ్లాలి, లేదా ముక్కలు చేసి అమ్మేయాలి అని జనం తీసుకున్న పాఠం మాత్రం తొందరపాటు. ఆయన బొమ్మ కట్టింది కాపలా లేని బయలుకి, ఆ మాట తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు.

ప్రభుత్వం చేతిలో పెడితే చాలా? కెనడాను చూడండి. 1977లో తీరం నుంచి 200 మైళ్ల దాకా చేపల వేట మీద హక్కు తనదని ప్రకటించి విదేశీ నౌకల్ని చాలావరకు బయటికి పంపింది, తీరా ఖాళీ అయిన చోటును సొంత ట్రాలర్లతో (పెద్ద వలల్ని ఈడ్చుకుపోయే ఓడలతో) నింపింది. కెనడా తూర్పు తీరంలోని న్యూఫౌండ్‌లాండ్ దగ్గరి కాడ్ చేపలతో ఒక దగా ఉంది. అవి తగ్గేకొద్దీ మిగిలినవి ఒకచోట గుంపు కడతాయి, ఆ గుంపు ఎక్కడుందో నీళ్లలోకి శబ్దం పంపి వెతికే సోనార్ చూపించేస్తుంది, కాబట్టి సముద్రం ఖాళీ అవుతున్నా ట్రాలర్ వల మాత్రం నిండుతూనే ఉంటుంది. వల నిండుతోంది కదా అని చేపకేం లోటు లేదని అంచనాలు వేశారు. ఒడ్డుకి దగ్గర్లో చిన్న పడవల మీద పట్టేవాళ్లు చేప తగ్గిపోయింది మొర్రో అంటున్నా వాళ్ల మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. 1992 జూలైలో వేట ఆపేశారు. 30 వేల మంది దాకా పని పోయింది. రెండేళ్లే అన్న ఆ నిషేధాన్ని ఎత్తేసింది 2024లో.

ఇప్పుడు స్విట్జర్లాండ్‌లో టోర్బెల్ అనే కొండ ఊరు. 2009లో ఎకనామిక్స్ నోబెల్ అందుకున్న తొలి మహిళ ఎలినార్ ఆస్ట్రమ్ (ఆవిడ చదువు మాత్రం రాజనీతిశాస్త్రం) రాతల వల్ల దీని పేరు బయటికి వచ్చింది. 1517 నాటి ఆ ఊరి కట్టుబాటు ఒకటే మాట: చలికాలమంతా మేపగలిగినన్ని ఆవుల్నే వేసవిలో ఉమ్మడి బయలుకి తోలాలి. చలికాలపు మేత ఎవరి పొలం నుంచి వాళ్లకు రావాల్సిందే, కాబట్టి ఎవరి హద్దు ఎంతో పక్కింటివాళ్లకు కూడా తెలుసు. కొండెక్కగానే ఆవుల్ని లెక్కపెడతారు. చీజ్ పంచేది ఆ లెక్క ప్రకారమే, కాబట్టి ఆవును దాచితే చీజ్ పోతుంది, ఎక్కువ తోలితే జరిమానా పడుతుంది. ఆ జరిమానాలో సగం వసూలు చేసినవాడి జేబులోకే! నిజాయితీగా డ్యూటీ చెయ్యి నాయనా అని అతన్ని ఎవరూ బతిమాలలేదు. అయితే ఇది బయటివాళ్లను రానివ్వని ఊరు, అక్కడ పొలం కొన్నంత మాత్రాన బయలు మీద హక్కు రాదు. అది కూడా చెప్పుకోవాలి.

మరి ఒకరికొకరు తెలియని చోట? అలాస్కాలో హాలిబట్ చేపకు మొత్తం ఇంతే పట్టాలని హద్దు ఉండేది, అందులో ఎవరి వాటా ఎంతో ఉండేది కాదు. ఎవరు ముందు పట్టుకుంటే వారిదే. ఇంకేముంది, పెద్ద పడవలు, ఎక్కువ గాలాలు, పోటాపోటీ, చివరికి 1990ల మొదట్లో కొన్ని చోట్ల ఏడాదికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి 24 గంటలు, అంతే సీజన్. ఆ రోజు తుఫాను ఉన్నా వెళ్లాల్సిందే. సరుకంతా ఒకేసారి ఒడ్డుకి రావడంతో చాలావరకు ఫ్రీజర్లలో గడ్డకట్టించడమే. 1995లో ఎవరి వాటా వాళ్లకు రాసిచ్చారు. సీజన్ ఎనిమిది నెలలైంది.

నాకు ఇందులో నచ్చనిది ఒకటుంది. ఆ వాటాలు పాత రికార్డుల ప్రకారం పడవల యజమానులకు ఉచితంగా పోయాయి, అదే పడవ మీద ఏళ్ల తరబడి గాలాలు లాగిన కూలీకి ఏమీ రాలేదు, కొత్తగా రావాలనుకునేవాడు వాటా కొనుక్కోవాలి. వాటాను శాశ్వతంగా రాసివ్వకుండా కొన్నేళ్లకు లీజుకిచ్చి, ఆ డబ్బు అందరి ఖాతాలో వేసి ఉంటే ఈ గొడవ చాలావరకు ఉండేది కాదని నా లెక్క. ఎంత వాడాలో తేల్చడంతో సగం పనే అవుతుంది, ఎవరు వాడాలన్న దగ్గరే అసలు టెన్షన్.

గాలి విషయంలో ఈ రెండు పనులూ పెండింగే. భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు ఏ పైపు దగ్గర లీకవుతోందో ఇప్పుడు ఉపగ్రహాలు పైనుంచి పట్టేస్తున్నాయి, అంటే ఆవుల్ని లెక్కపెట్టే మనిషి దొరికాడు. అతని చేతికి జరిమానా పుస్తకం ఎవరిస్తారన్న దగ్గర దేశాలు ఇంకా ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నాయి.