స్పాన్సర్‌షిప్ ప్రశ్న గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ స్పాన్సర్‌షిప్ ప్రశ్న గారి సముఖమునకు,

ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో మాస్టర్స్) చదివి ఉద్యోగం వెతుక్కుంటున్న ఒక గుంటూరు అమ్మాయి రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, నా కుశలం మీ చేతిలోనే ఉంది కాబట్టి ఆ మాట దాటేస్తున్నాను.

మీరెవరో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. అమెరికాలో ఉద్యోగానికి ఆన్‌లైన్‌లో అప్లై చేస్తే ముందు రెజ్యూమె అప్‌లోడ్ చేయమంటారు. చేశాక, అందులో ఉన్నదంతా మళ్లీ గళ్లలో టైపు చేయమంటారు. (ఆ కంప్యూటర్ నా రెజ్యూమెను తనంతట తాను చదువుకున్న తీరు ప్రకారం నా ఇంటిపేరు గుంటూరు.) ఏం చదివారు, ఎక్కడ పనిచేశారు, ఎస్‌ఏఎస్, ఆర్ లాంటి గణాంకాల సాఫ్ట్‌వేర్లు వచ్చా, పాతిక పౌండ్ల బరువు ఎత్తగలరా? కుర్చీలో కూర్చుని జ్వరాల లెక్కలు చూసే పనికి బరువులెందుకో ఇప్పటికీ అర్థం కాలేదు. అయినా ఎత్తగలను అనే రాస్తాను. అంతా అయ్యి, సబ్మిట్ బటన్ కనబడుతుండగా మీరు ప్రత్యక్షమవుతారు. “ఇప్పుడు గానీ, ఇకముందు గానీ మీకు ఉద్యోగ వీసా కోసం స్పాన్సర్‌షిప్ అవసరమవుతుందా?” అంటే, వీసా కోసం కంపెనీయే మీ తరఫున దరఖాస్తు పెట్టాలా అని. అవును, కాదు. మధ్యేమార్గం లేదు.

అవును అని నొక్కితే, అది అర్ధరాత్రి ఒంటిగంట అయినా సరే, టీ పెట్టుకుని వచ్చేలోపు మెయిల్ వచ్చేస్తుంది. మీ అర్హతలు మమ్మల్ని ఎంతగానో ఆకట్టుకున్నాయి, అయితే... అంటూ. ఆ వేళప్పుడు మేలుకుని, నా అర్హతలు చూసి ముగ్ధుడైపోయిన మహానుభావుడెవరో! కాదు అని నొక్కితే అబద్ధం. ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది, వచ్చిన ఉద్యోగం కూడా పోతుంది. నిజానికి ఇప్పటికిప్పుడు నాకు స్పాన్సర్‌షిప్ అక్కర్లేదు. చదువయ్యాక విద్యార్థి వీసా మీదే పనిచేసుకోనిచ్చే ఓపీటీ అనే అనుమతి మీద ఏడాది పాటు దర్జాగా పనిచేసుకోవచ్చు, కంపెనీకి పైసా ఖర్చు లేదు. కానీ మీకు నా వర్తమానంతో పని లేదు, భవిష్యత్తు కావాలి. ఇంకా ఇంటర్వ్యూకే పిలవలేదు, ఏడాది తర్వాతి వీసా ఖర్చు సంగతి తేల్చమంటారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఇంతకీ నా ఫిర్యాదు మీరు అడుగుతున్నందుకు కాదు. ఇంత ఆలస్యంగా అడుగుతున్నందుకు.

బీడీఎస్ అయ్యాక మా ఊళ్లో క్లినిక్ పెట్టుకుందామంటే మా వీధిలోనే పళ్ల కంటే పళ్ల డాక్టర్లు ఎక్కువ. నా బ్యాచ్‌లో చాలామంది లాగే నేనూ పబ్లిక్ హెల్త్ అన్నాను. నాన్న ఇల్లు బ్యాంకులో పెట్టారు. అప్పుడు అమెరికా యూనివర్సిటీ అప్లికేషన్ నింపాను. ఆ ఫారం అడగని విషయం లేదు. టోఫెల్ స్కోరు, బ్యాంకు బ్యాలెన్సు, ఫీజు ఎవరు కడతారో అఫిడవిట్, ప్రపంచాన్ని ఎలా మారుస్తావో వెయ్యి మాటల్లో వ్యాసం, చివరికి తట్టు రాకుండా ఎంఎంఆర్ టీకా రెండు డోసులు పడ్డాయా అని కూడా అడిగింది. ఎంత వెతికినా అందులో మీ జాడ లేదు. అప్లికేషన్ ఫీజు తీసుకున్నప్పుడు లేరు. సీటు డిపాజిట్ కట్టించుకున్నప్పుడు లేరు. ఓరియంటేషన్ రోజున ప్రపంచ జెండాలన్నీ వరసగా కట్టి, మాకు సమోసాలు తినిపించి, మీలాంటి వైవిధ్యమే మా బలం అన్నారు. అక్కడ ఏ మూలన అయినా నిలబడి ఒక్కసారి చెయ్యి ఊపి ఉండకూడదా?

మీ తమ్ముడొకరు ఉన్నారు, కోర్సు కోడ్ అని, చదివిన కోర్సుకు వేసే నంబరు. ఆయన్నీ అప్పుడు ఎవరూ పరిచయం చేయలేదు. ఎపిడెమియాలజీ (జబ్బులు ఎలా పాకుతాయో చూసే చదువు), బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్యపు గణాంకాలు) పేరుతో డిగ్రీ ఉంటే స్టెమ్, అంటే సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగు, లెక్కల చదువుల కిందికి వస్తుంది. ఏడాది ఓపీటీ మీద ఇంకో 24 నెలలు పొడిగింపు దొరుకుతుంది. ఉత్త పబ్లిక్ హెల్త్ అని, 51.2201 అనే కోడ్ పడితే ఆ పొడిగింపు లేదు. నా పక్క సీట్లో కూర్చున్న నెల్లూరు అమ్మాయిదీ నాదీ ఒకే ప్రొఫెసర్, సగం క్లాసులు ఒకటే, హోంవర్కులో తప్పులు కూడా ఒకటే. ఆమెకు మూడేళ్లు, నాకు ఏడాది. ఆరోగ్య విద్య, మాతాశిశు సంక్షేమం, గర్భిణుల పోషణ అంటూ మనుషుల దగ్గరికి వెళ్లే చదువు సైన్సు లెక్కలోకి రాదట. ఆ మనుషుల్ని అంకెలుగా మార్చాక వస్తుందట. సరే, వాదించను.

ఓపీటీలో ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులకు మించి ఉండకూడదు. తొంభై దాటితే పెట్టె సర్దుకోవాలి. అయితే మాలాంటి వాళ్ల కోసం ఒక సందు ఉంది. మొదటి ఏడాది ఓపీటీలో, చదువుకు సంబంధించిన పని వారానికి కనీసం 20 గంటలు జీతం లేకుండా చేసినా ఉద్యోగం కిందే లెక్క. ఈ దేశంలో పబ్లిక్ హెల్త్ ఎలా నడుస్తోందో నాకు అప్పుడు తెలిసింది. ఒక కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆరోగ్య శాఖలో వాలంటీరుగా చేరాను. ఆ ఫారం ఒక్క పేజీ. పేరు, ఫోన్, ఏయే భాషలు వచ్చు. నేను వెనక్కి తిప్పి కూడా చూశాను. మీరు లేరు.

2025లో టెక్సస్‌లో తట్టు చెలరేగింది. కేసులు 762, ఇద్దరు పిల్లలు చనిపోయారు. మేమున్నది అక్కడికి దూరమే అయినా మా ఫోన్లు కూడా మోగడం మొదలైంది. ఒక క్లినిక్ వెయిటింగ్ రూములో ఒక తట్టు రోగి పక్కన కూర్చున్నవాళ్ల జాబితా నా ముందు పెట్టి, ఈ నంబరు వాళ్లు ఎన్నిసార్లు చేసినా పెట్టేస్తున్నారు, నువ్వు చూడు అన్నారు మా సూపర్‌వైజర్. చేశాను. అవతల ఒక పెద్దావిడ. కూతురి పురిటికని వచ్చిందట. ఇంగ్లీషులో నమస్కారం పెట్టగానే “నో థాంక్యూ, నో ఇన్సూరెన్స్” అని పెట్టేయబోయింది.

“పెద్దమ్మా, పెట్టెయ్యకండి, నేను తెలుగమ్మాయినే” అన్నాను.

“అయ్యో, ముందే చెప్పవేమ్మా! ఎవరి తాలూకు?”

మాది గుంటూరని, మా నాన్నగారు ఫలానా అని చెప్పాక గానీ అసలు విషయానికి రానివ్వలేదు. తట్టు సంగతి చెప్పాను. ఇంట్లో పసిపిల్ల ఉంది కాబట్టి జాగ్రత్త అన్నాను. జ్వరం, దగ్గు, కళ్లు ఎర్రబడటం, తర్వాత ఒంటి మీద దద్దుర్లు. ఇవి కనబడితే ముందు ఫోన్ చేయండి, నేరుగా ఆస్పత్రికి వెళ్లి మళ్లీ పదిమంది మధ్య కూర్చోవద్దు అని చెప్పాను. ఆవిడ అన్నీ విని, వేపాకు ఇక్కడ ఎక్కడ దొరుకుతుందని అడిగింది. వేపాకు పెట్టుకోండి, ఫోన్ మాత్రం మర్చిపోకండి అన్నాను. చివర్లో “బంగారం లాంటి ఉద్యోగం చేస్తున్నావు తల్లీ, జీతం ఎంతిస్తారు?” అంది. లైన్ సరిగ్గా లేదని చెప్పి పెట్టేశాను. ప్రశ్న గారూ, ఆవిడ మీకంటే నయం. మొత్తం విన్నాక అడిగింది.

నెల తిరక్కుండానే అదే ఆఫీసులో ఎపిడెమియాలజిస్ట్ పోస్టు పడింది. మా సూపర్‌వైజరే లింక్ పంపారు. నా కుర్చీ, నా జాబితా, నా ఫోను. మూడో పేజీలో మీరు.

మా సూపర్‌వైజర్ చాలా మంచి మనిషి, ఏమీ చేయలేకపోయారు. కౌంటీకి స్పాన్సర్ చేసే అలవాటు లేదన్నారు. ఇక్కడ ఇంకో తమాషా ఉంది, మీకు తెలియనిది కాదు. కంపెనీ స్పాన్సర్ చేసే ఆ ఉద్యోగ వీసా పేరు హెచ్‌-1బీ. దాని లాటరీలో ఏడాదికి 85,000 వీసాలు. యూనివర్సిటీలకు, వాటికి అనుబంధంగా ఉండే లాభాపేక్ష లేని సంస్థలకు, పరిశోధన సంస్థలకు ఆ లాటరీ అవసరం లేదు. అంటే, జబ్బు ఎలా పాకుతుందో వ్యాసం రాసేవాళ్లకు మినహాయింపు ఉంది. ఆ జబ్బు పాకకుండా ఊరంతా ఫోన్లు చేసే కౌంటీ ఆఫీసుకు సాధారణంగా ఆ మినహాయింపు లేదు. 2026 నుంచి లాటరీలో జీతాన్ని బట్టి తూకం వేస్తున్నారు. పై స్థాయి జీతం వాళ్ల చీటీ నాలుగుసార్లు వేస్తారు, అడుగు స్థాయి వాళ్లది ఒక్కసారి. మా రంగంలో కొత్తగా చేరేవాళ్ల జీతం ఏ స్థాయిలో ఉంటుందో వేరే చెప్పాలా? ఫెడరల్ ఉద్యోగాలకైతే చాలావరకు మీరు రావలసిన పనే లేదు, పౌరులకు మాత్రమే అని గుమ్మంలోనే బోర్డు ఉంటుంది. అదే మర్యాద. లోపలికి పిలిచి, మంచినీళ్లిచ్చి, రెజ్యూమె రెండుసార్లు టైపు చేయించాక పొమ్మనరు.

2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌-1బీకి లక్ష డాలర్ల రుసుము అన్నారు. అమెరికాలోనే ఉండి స్టేటస్ (వీసా హోదా) మార్చుకునేవాళ్లకు అది వర్తించదని అక్టోబరులో వివరణ వచ్చింది. కానీ హెచ్‌ఆర్ వాళ్ల చెవిన లక్ష పడింది, వివరణ పడలేదు. ఇంటర్వ్యూ దాకా వెళ్లిన ఒకచోట నేనే ఆ వివరణ ప్రింటు తీసి పట్టుకెళ్లాను. అక్కడి హెచ్‌ఆర్ ఆవిడ జాలిగా చూసి, మా లాయర్‌తో మాట్లాడి చెబుతాం అంది. ఆ లాయర్ గారు ఇంకా దొరికినట్టు లేరు.

పోనీ, అందరికీ గడ్డురోజులే అనుకోండి. 2025 మార్చిలో రాష్ట్రాల, కౌంటీల ఆరోగ్య శాఖలకు ఇచ్చిన కొవిడ్ కాలపు నిధుల్లో దాదాపు 1,140 కోట్ల డాలర్లు వెనక్కి తీసుకుంటున్నామన్నారు. ఏప్రిల్‌లో ఫెడరల్ ఆరోగ్య శాఖ పది వేల ఉద్యోగాల మీద వేటు వేసింది, అందులో అంటువ్యాధుల్ని చూసుకునే సీడీసీ సంస్థవే రెండు వేల పైచిలుకు. పదిహేనేళ్లు అంటువ్యాధుల వెంట తిరిగిన పెద్దవాళ్లు ఇప్పుడు ఎంట్రీ లెవెల్ పోస్టుకు నా వెనకే క్యూలో నిలబడ్డారు. కాదు, నా ముందే. వాళ్లకు మీ బాధ లేదు కదా. వాళ్ల మీద నాకు కోపం రాదు. క్యూలో ఒకాయన నా రెజ్యూమె దిద్దిపెట్టారు కూడా.

మా వాళ్ల సలహాల సంగతి చెప్పకపోతే లేఖ పూర్తి కాదు. డల్లాస్‌లో మా పెదనాన్న గారి అబ్బాయి ఉన్నాడు. చదివింది బీఫార్మసీ, చేసేది జావా. “ఆ రోగాల గొడవ నీకెందుకమ్మా? మా కన్సల్టెన్సీలో బిజినెస్ అనలిస్ట్ ట్రైనింగ్ తీసుకో. మూడు నెలల్లో ప్లేస్‌మెంట్. ఎక్స్‌పీరియన్స్ వాళ్లే పెడతారు.”

“ఎక్కడ పెడతారన్నయ్యా?”

“రెజ్యూమెలో!”

మరి ప్రశ్న గారూ, మీ వడపోత ఎవరిని ఆపుతోందో చూశారా? అన్నయ్య దారిలో మీరు అసలు అడ్డే రారు. అక్కడ ఇంటర్వ్యూలో అడిగేది మీరు కాదు, క్లయింటు. జవాబులు చెప్పేది నేను కాదు, నా పేరుతో ఇంకెవరో.

అమ్మ మాత్రం చిలుకూరు బాలాజీకి మొక్కుకుంది. పదకొండు ప్రదక్షిణలు అప్పుడే అయిపోయాయి, పని జరిగాక నూట ఎనిమిది బాకీ. స్వామి వారు వీసా వరకు చూసుకున్నారు. మీ డిపార్టుమెంటు ఆయన కింద ఉందో లేదో కనుక్కోవాలి.

ఈమధ్య శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు గారు బాగా గుర్తొస్తున్నారు. భీమవరంలో పుట్టి, హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం చదవడానికి బోస్టన్ వెళ్లి, పొట్ట గడవడానికి ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టరు పనిచేశారు. బోదకాలుకు మన పల్లెల్లో ఇప్పటికీ పంచుతున్న డీఈసీ మాత్ర ఆయన నడిపిన పరిశోధన విభాగం నుంచి వచ్చిందే. ఆ మాత్ర మా నాయనమ్మ కూడా మింగింది, చేదని తిట్టుకుంటూ. ఆయనా బతికినంతకాలం ఆ దేశంలో పరాయివాడి హోదాలోనే ఉన్నారు. వలస చట్టాలు ఇప్పటికంటే ఘోరంగా ఉన్న రోజులవి. కానీ ఫారంలో అవును, కాదు అని నొక్కించే ఒక డ్రాప్‌డౌన్ ఆయన్ని టీ కాగేలోపు తిప్పి పంపలేదు. ఎవరో ఒక మనిషి ఆయన కాగితాలు చేత్తో పట్టుకుని చదివి ఉంటారు. నేను సుబ్బారావునని అనడం లేదు, నా మొహం. చదివించుకోవడానికి ఒక మనిషిని ఇమ్మంటున్నాను, అంతే.

ఇక విన్నపం. మీరు రాజీనామా చేయమని అడగను. మీకూ కుటుంబం, కోర్సు కోడ్ గారూ వగైరా ఉన్నారు. బదిలీ పెట్టుకోండి చాలు. యూనివర్సిటీ అడ్మిషన్ ఫారంలోకి రండి, అప్లికేషన్ ఫీజు గడికి సరిగ్గా పైన మంచి స్థలం ఖాళీగా ఉంది. కాస్త తిప్పి అడిగితే చాలు. “ఈ డిగ్రీ అయ్యాక మీకు స్పాన్సర్‌షిప్ అవసరమవుతుంది. కిందటేడు మా దగ్గర చదివిన విదేశీ విద్యార్థుల్లో ఎందరికి అది దొరికిందో ఈ లింకులో చూశారా? అవును, కాదు.” హైదరాబాదులో కన్సల్టెన్సీ ఆఫీసుల గోడల మీద కూడా మీకు చోటు ఇప్పిస్తాను. ఆ నవ్వుతున్న గ్రాడ్యుయేషన్ ఫొటోల పక్కన, పెద్దక్షరాల్లో. నాలాగే ఇల్లు బ్యాంకులో పెట్టబోతున్న నాన్న ఎవరైనా అక్కడ కూర్చుని ఉంటే, సంతకం పెట్టే ముందు కళ్లజోడు తీసి తుడుచుకుని మిమ్మల్ని ఒకసారి చదువుకుంటాడు.

ఇట్లు,
అవును అని నిజం నొక్కే
ఒక ఎంపీహెచ్

తా.క.: నిన్న యూనివర్సిటీ నుంచి మెయిల్ వచ్చింది. ఆత్రంగా తెరిచాను. పూర్వ విద్యార్థులు విరాళాలివ్వాలట. ఫారం మొత్తం చదివాను, మీరు అందులో కూడా లేరు.