ఆ నాలుగు కాగితాలు ఎక్కడ పడేశారు?

ఇప్పుడే సభ నుంచి ఇంటికి వచ్చాను. అన్నం కూడా ముట్టలేదు. ముందు ఇది రాస్తేగాని నా మనసు కుదుటపడదు.

ఏడాదిగా ప్రతి ఆదివారం ఒక జైలుకు వెళ్ళి ఖైదీల చేత కథలు, జ్ఞాపకాలు రాయిస్తున్నానని మీలో చాలామందికి తెలుసు. ఆ రాతలన్నీ కలిపి చిన్న పుస్తకం వేస్తామని ఒక సంస్థ వాళ్ళు ముందుకు వచ్చారు. ఒడియాలో కొన్ని, తెలుగులో కొన్ని. ఈ సాయంత్రం ఆవిష్కరణ జరిగింది. నేను ఇచ్చిన తెలుగు రాతలు ఆరు. అచ్చయినవి ఐదే.

ఆరోది ఏమైందని అడిగాను. "మాస్టారూ, ఒడియా భాగంలో వేద్దామంటే అది ఒడియా కాదు, తెలుగు భాగంలో వేద్దామంటే తెలుగు అక్షరాలు కావు. ఏం చేయాలో తోచక పక్కన పెట్టేశాం" అన్నారు.

తోచకపోవడమేమిటి? అది తెలుగు. ఒడియా అక్షరాలతో రాసిన తెలుగు. మా ఒడిశాలోని గజపతి, రాయగడ, గంజాం, కొరాపుట్ జిల్లాల్లో ఎన్ని తెలుగు ఇళ్ళకు వెళ్ళినా ఇదే కథ. ఇంట్లో అమ్మ మాట తెలుగు, బడిలో పలక మీద ఒడియా. పిల్లవాడు మనసులో మాట రాయాలనుకుంటే చేతికి వచ్చిన అక్షరాలతోనే రాస్తాడు. చదవడం కష్టమైతే నాకు ఫోను చేయండి, నేను చదివి రాయిస్తానని పైన చీటీ కూడా పెట్టాను. ఒక్క ఫోను రాలేదు.

ఆ ఆరోది రాసిన ఖైదీకి ముప్ఫై ఏళ్ళుంటాయి. మహేంద్రతనయ ఏటి ఒడ్డున ఒక పల్లె. మొదటి రెండు నెలలు వెనక గోడకు ఆనుకుని కూర్చునేవాడు, నోరు విప్పలేదు. నేను ఎవరినీ కథ రాయమని అడగను. మీ ఇంటి తలుపు ఎటువైపు తెరుచుకుంటుంది, తీస్తే ఎలాంటి చప్పుడు వస్తుంది, అంటాను. చదువు రానివాళ్ళు చెబుతుంటే పక్కవాడు రాసి పెడతాడు. ఎందుకు లోపలికి వచ్చారని మాత్రం ఎవరినీ అడగను. ఒకరోజు అతను లేచి వచ్చి నాలుగు కాగితాలు నా చేతిలో పెట్టాడు. అక్కడ గుండుసూదులు, పిన్నులు లోపలికి రానివ్వరు, గేటు దగ్గరే పీకేస్తారు. అందుకని తువ్వాలు అంచులోంచి తెల్లదారం లాగి కాగితాలు కుట్టుకున్నాడు. "మేష్టారూ, తెలుగు అక్షరాలు రావండి, తప్పయితే చింపేయండి" అన్నాడు.

చింపేయాలా! చిన్నప్పుడు అమ్మతో కలిసి ఆంధ్రా వైపు ఉన్న పాతపట్నంలో చింతపండు అమ్మడానికి ఏరు దాటిన సంగతి రాశాడు. నీళ్ళు అమ్మ నడుము దాకా వచ్చాయట. తల మీద గంప ఒరిగింది. "అమ్మ గంపను వదిలేసి నన్ను పట్టుకుంది. గంప చాలా దూరం తేలుతూ పోయింది. ఆ పూట మేం ఏం తిన్నామో నాకు గుర్తులేదు, గంప పోవడం గుర్తుంది." ముప్ఫై ఏళ్ళుగా పిల్లలకు తెలుగు చెప్పాను. ఇంత సూటిగా రాసిన వాక్యాలు ఎన్ని దిద్దానో వేళ్ళ మీద లెక్కపెట్టగలను. అలాంటి దానికి పుస్తకంలో చోటు దొరకలేదు. ముఖ్య అతిథి ఫోటోకు మాత్రం పూర్తి పేజీ దొరికింది.

పోనీ అచ్చయిన ఐదూ సరిగ్గా ఉన్నాయా? అవీ దిద్దేశారు. ఒక పెద్దాయన "చోడి అంబలి" అని రాస్తే "రాగి జావ" అని వేశారు. "బువ్వ" భోజనమైంది. "గుంటడు" బాలుడయ్యాడు. "మా అమ్మ" అని ఉన్న చోటల్లా "మా మాతృమూర్తి" అని ఉంది. ఆ పెద్దాయన ఆ మాట జన్మలో పలికి ఉండడు. రేపు అది చేతికిస్తే తన రాతను తానే గుర్తుపట్టలేడు.

ఇది ఎక్కడ జరిగింది? గిడుగు రామమూర్తి గారు తిరిగిన నేల మీద. 1880లో బడిపంతులుగా పర్లాకిమిడి వచ్చి, కొండల్లోని సవర గిరిజనుల మాట నేర్చుకుని, వాళ్ళ భాషలోనే పాఠాలు రాసి, సొంత డబ్బుతో వాళ్ళకు బడులు పెట్టిన మనిషి ఆయన. జనం మాట్లాడే తెలుగులోనే రాయాలని పండితులతో పోట్లాడిన మనిషి. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేసి ఉపన్యాసాలు ఇచ్చే చేతులే ఈ రోజు అంబలిని కొట్టేసి జావ అని రాశాయి!

ముఖ్య అతిథి ఇంకో మాట అన్నారు. "వీళ్ళ చేత చేసిన నేరం గురించి రాయించండి, పశ్చాత్తాపం కలుగుతుంది" అని. అయ్యా, 2022 చివరినాటి జాతీయ నేర గణాంకాలు చూడండి. దేశంలోని ఖైదీల్లో ప్రతి నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే. నేరం రుజువు కాలేదు, శిక్ష పడలేదు. రుజువు కాని నేరానికి పశ్చాత్తాపం రాయించమంటారా? ఉన్నవ లక్ష్మీనారాయణ గారు 1922లో వెల్లూరు జైల్లో కూర్చుని పల్లెజనం మాటల్లో "మాలపల్లి" నవల రాస్తే దాన్ని నెత్తిన పెట్టుకున్నాం. ఆయనను ఎవరైనా పశ్చాత్తాపం అడిగారా? చదువుకున్నవాడు జైల్లో రాస్తే సాహిత్యం, కూలివాడు రాస్తే క్షమాపణ పత్రమా?

అసలు నా కడుపుమంట ఈ పుస్తకంతో మొదలైంది కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మేం, ఇక్కడి తెలుగువాళ్ళం, ఇటువైపు పడ్డాం. గిడుగు వారు ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. మేం వెళ్ళలేదు, ఇక్కడే ఉన్నాం, ఒడియా నేర్చుకున్నాం, ఒడియా వాళ్ళతో కలిసి బతుకుతున్నాం. వాళ్ళ మీద నాకు ఏ కోపమూ లేదు. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక చదువు మాతృభాషలో అందే ఏర్పాటు చేయాలని 350ఎ అధికరణం 1956లోనే రాజ్యాంగంలో చేరింది. నేను పనిచేసిన తెలుగు బడిలో ఒక ఏడాది దసరా సెలవులు దాటాక పుస్తకాలు వచ్చాయి. నేను పదవీ విరమణ చేశాక నా కుర్చీలోకి మూడేళ్ళు ఎవరూ రాలేదు. ఆంధ్రా వైపు వాళ్ళకు మేం ఒడిశా వాళ్ళం, వాళ్ళ సభల్లో కన్నీళ్ళు పెట్టుకోవడానికి మాత్రం పనికొస్తాం. అతనికి తెలుగు అక్షరాలు రాకపోవడం అతని తప్పా? అతని ఊళ్ళో తెలుగు పంతులు ఉండి ఉంటే ఆ నాలుగు కాగితాలు తెలుగులోనే ఉండేవి కదా!

ఇంకొకటి చెప్పలేదు. సభ అయ్యాక ఆ కాగితాలు తిరిగి ఇవ్వమన్నాను. "ఎక్కడో ఉంటాయి మాస్టారూ, వెతికి పంపిస్తాం" అన్నారు. నకలు తీసుకోకుండా ఇచ్చాను, ఆ తప్పు నాది. అతని దగ్గర ఇంకో ప్రతి లేదు. పోయిన ఆదివారమే అడిగాడు, పుస్తకం వస్తే ఒకటి వాళ్ళ అమ్మకు పంపవచ్చా అని. ఆమెకు చదువు రాదు, ఎవరి చేతనైనా చదివించుకుంటుందట.

రేపు పొద్దున్నే వాళ్ళ ఆఫీసుకు వెళుతున్నాను. నాలుగు కాగితాలు, నీలం సిరా, ఎడమవైపు తెల్లదారంతో కుట్టు. దొరికేవరకు ఆ మెట్ల మీదే కూర్చుంటాను. ఊళ్ళో ఉన్నవాళ్ళు ఎవరైనా వస్తే రండి, ఒక బీరువా కంటే ఎక్కువే వెతకాల్సి ఉంటుంది.