డచ్ వాళ్ల పేర్లు ఎల్లిస్ దీవిలో పోయాయా?

ఈమధ్య వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇది: 1811 దాకా నెదర్లాండ్స్ వాళ్లకు ఇంటిపేర్లే లేవట. నెపోలియన్ బలవంతపెడితే కసికొద్దీ 'దిసమొలతో పుట్టినవాడు' లాంటి పేర్లు రాయించుకున్నారట. అమెరికా చేరాక, వలస వచ్చినవాళ్లను తనిఖీ చేసే న్యూయార్క్ రేవులోని ఎల్లిస్ దీవిలో, నోరు తిరగని గుమాస్తాలు వాటినీ మార్చేశారట. కాబట్టి డచ్ పూర్వీకుల కోసం వెతకడం దండగట.

ఇందులో నిలిచేది 1811 ఒక్కటే. ఆ ఏడాది ఆగస్టు 18న, ఇంటిపేరు లేనివాళ్లు ఒకటి రాయించుకోవాలని నెపోలియన్ ఆజ్ఞ ఇచ్చిన మాట నిజం. కానీ ఇంటిపేర్లు అప్పుడే పుట్టాయంటే బందరు, భీమిలి వెళ్లి చూడాలి. అక్కడి డచ్ సమాధుల మీద 17, 18 శతాబ్దాల్లోనే ఇంటిపేర్లు చెక్కి ఉన్నాయి. హాలండ్ పట్టణాల్లో చాలామందికి అవి ఎప్పటినుంచో ఉన్నాయి. లేనిది ఎక్కువగా నెదర్లాండ్స్ ఉత్తరాన ఫ్రీస్‌లాండ్, గ్రోనింగెన్ లాంటి చోట్ల పల్లెల్లో. అక్కడ తండ్రి పేరే గుర్తు. పీటర్ కొడుకు యాన్ పీటర్స్, అతని కొడుకు క్లాస్ యాన్స్. తరం మారితే పేరు మారేది. ఫ్రీస్‌లాండ్‌లో ఆ ఆజ్ఞ ప్రకారం రాసిన పుస్తకాల్లో ఇంటి పెద్ద పేరుతోపాటు పిల్లల పేర్లు, వయసులు కూడా ఉంటాయి. వెతికేవాళ్లకు నెపోలియన్ తెలియకుండానే మేలు చేశాడు. ఆజ్ఞను పట్టించుకోనివాళ్లూ ఉన్నారు, అందుకే 1825లో రాజు మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

ఇక ఆ దిసమొల పేరు, 'నాక్ట్‌ఖెబోరెన్'. మాటకు మాట తీసుకుంటే అర్థం అదే. కానీ ఆ ఇంటిపేరు 1811కి ముందే కాగితాల్లో ఉంది. తండ్రి పోయాక పుట్టిన బిడ్డను జర్మన్‌లో 'నాఖ్‌గెబోరెన్' అంటారు, అదే అలా మారిందంటారు పేర్లను పరిశోధించేవాళ్లు. తండ్రి లేని బిడ్డ పేరు మన ఫార్వర్డుల్లో జోక్ అయి కూర్చుంది.

అసలు తమాషా ఎల్లిస్ దీవి కథలో ఉంది. అది తెరిచింది 1892లో. డచ్ పాస్టర్ వాన్ రాల్టె తన మనుషులతో అమెరికాలోని మిషిగన్‌లో హాలండ్ అనే ఊరు కట్టింది, మరో పాస్టర్ స్కోల్టె ఐయోవాలో పెల్లా కట్టింది 1847లో. ప్రభుత్వ చర్చితో తెగతెంపులు, బంగాళాదుంప తెగులు తరిమితే వెళ్లినవాళ్లు వాళ్లు. లేని దీవిలో వాళ్ల పేర్లు ఎవరు మారుస్తారు? తర్వాత వచ్చినవాళ్ల సంగతి చూసినా, జాబితా రాసింది దీవిలో కాదు, బయల్దేరిన రేవులో, ఓడ కంపెనీ వాళ్లు. దీవిలో అధికారి ఆ కాగితం ముందు పెట్టుకుని ప్రశ్నలడిగి సరిచూసుకునేవాడు, పక్కన దుబాసీలు ఉండేవారు.

పేర్లు మారిన మాట నిజమే, మార్చుకున్నది వాళ్లే. ఇంజనీరింగ్ చదివినవాళ్లకు డైక్‌స్ట్రా అల్గారిథం గుర్తుండే ఉంటుంది. ఆ పేరులో డచ్ వాళ్లు ఐ, జే కలిపి రాసే చోట అమెరికాలో వై వచ్చి చేరింది. దే యొంగ్ డియంగ్ అయ్యాడు, యాన్ జాన్ అయ్యాడు. స్కూల్లో, పనిలో, పొరుగువాళ్ల నోట్లో నలిగి నలిగి మారినవి ఇవి. వీసా ఫారంలో ఇంటిపేరు ఏ గడిలో రాయాలో తెలియక తికమకపడిన మనకు ఇది కొత్తేమీ కాదు.

'దండగ' అన్న మాటకైతే జవాబు పెద్దదే. 1840ల చివరి నుంచి డచ్ మునిసిపాలిటీలు వలసపోయినవాళ్ల జాబితాలు రాశాయి: పేరు, వయసు, వృత్తి, మతం, ఉన్నవాడా లేనివాడా, ఎక్కడికి, ఎందుకు. 'ఎందుకు' గడిలో ఎక్కువగా కనిపించేది 'బతుకు బాగుపడటానికి' అన్న మాట. 1850 నుంచి జనాభా రిజిస్టర్లలో ఎవరు ఎప్పుడు ఊరు విడిచారో కూడా ఉంటుంది. పెళ్లయినా ఆడవాళ్లను ఆ కాగితాల్లో పుట్టింటి పేరుతోనే రాస్తారు, అమ్మమ్మ వైపు వెతికేవాళ్లకు ఇది వరం.

ఒక చిన్న చిక్కు మాత్రం ఉంది. 'వాన్ డెర్ మేర్' కోసం వెతుకుతూ నెదర్లాండ్స్ సూచికలో 'వీ' అక్షరం దగ్గర దొరక్కపోతే నిరాశపడొద్దు. అక్కడ 'వాన్ డెర్'ను లెక్కలోకి తీసుకోకుండా 'ఎం' కింద పెడతారు.