హొన్ను రేటు పెరిగింది, గోల్కొండ మునిగింది

గోల్కొండ పతనం అనగానే అర్ధరాత్రి దాటాక కోట తలుపు తీసిన గోల్కొండ సేనాని అబ్దుల్లా ఖాన్ పనీని తిట్టుకుంటాం. 1687 సెప్టెంబరులో ఆ తలుపు తెరుచుకున్న మాట నిజమే. అయితే రాజ్యం చేజారడం మొదలైంది 1636లో, ఒక ఒప్పందంతో.

ఆ ఏడాది గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా మొఘల్ చక్రవర్తి షాజహాన్‌కు సామంతుడయ్యాడు. ఏటా 2 లక్షల హొన్నుల కప్పానికి ఒప్పుకున్నాడు. హొన్ను అంటే మన వరహా, బంగారు నాణెం. మొఘలుల లెక్కలేమో వెండి రూపాయల్లో. అప్పటి రేటు హొన్నుకు 4 రూపాయలు, అంటే కప్పం 8 లక్షలు. తర్వాత రేటు నాలుగున్నరకు, ఆపైన 5కు ఎగబాకినా గోల్కొండ పాత లెక్కనే కడుతూ వచ్చింది. దక్కన్ సుబేదారుగా ఉన్న ఔరంగజేబు ఏళ్ల తరబడి తేడా కూడి, 20 లక్షలు బాకీ అన్నాడు. రాసుకున్నది హొన్నుల్లో గనక ఆయన వాదనలో పస లేకపోలేదు. కాకపోతే ఆయనకు కావలసింది బాకీ తీరడం కాదు, దండెత్తడానికి సాకు.

ఆ సాకుకు గోల్కొండ మంత్రి మీర్ జుమ్లా మొఘలులవైపు ఫిరాయించడం తోడై 1656లో కోట ముట్టడి జరిగింది. వెనక్కి రమ్మని షాజహాన్ ఫర్మానా పంపబట్టి గండం గడిచింది. ఔరంగజేబు చక్రవర్తయ్యాక, 1685లో గోల్కొండ సేనాని మీర్ మహమ్మద్ ఇబ్రహీం మొఘలులవైపు దూకాడు. చివరి సుల్తాను తానీషా కోటలో దాక్కుంటే హైదరాబాద్ దోపిడీ పాలైంది. మొఘలులు చల్లబడతారన్న ఆశతో 1686లో మంత్రి మాదన్నను, ఆయన అన్న అక్కన్నను దర్బారు వర్గమే చంపించింది. ఖజానా గుట్టుమట్లు తెలిసిన మాదన్నను పోగొట్టుకోవడం ఆత్మహత్యతో సమానం. అయినా 1687లో ముట్టడి తప్పలేదు.

అయితే ముట్టడి సాగిన ఎనిమిది నెలలూ కోట చేవ చూపింది. మొఘలులు బురుజుల కిందికి సొరంగాలు తవ్వి మందుగుండు కూరితే, లోపలివాళ్లు ఎదురు తవ్వి తమవైపు మందు తీసేసి నీళ్లు పోశారు. జూన్‌లో నిప్పు పెట్టగానే పేలింది బయటి భాగమే. రాళ్లూ మన్నూ ముట్టడించినవాళ్ల మీదే పడ్డాయి. వానలు, తిండికరువు, రోగాలు కూడా వాళ్లను పీడించాయి. కోటను గెలిచింది చివరకు లంచమే.

తానీషాను దౌలతాబాద్‌లో బంధించారు, గోల్కొండ మొఘలుల సుబా, అంటే ఒక రాష్ట్రం, అయింది. పైన అధికారి మారినా పల్లె లెక్కలు కరణాలు, దేశ్‌ముఖ్‌ల చేతుల్లోనే ఉండిపోయాయి. ఔరంగజేబు పోయిన మరుసటి ఏడాదే, 1708లో, తిరుగుబాటుదారు సర్వాయి పాపన్న వరంగల్ మీద పడి కొల్లగొట్టాడు.